నేలను చదివి ఇల్లు కట్టిన లారీ బేకర్

లారీ బేకర్ పేరు ఎత్తగానే ‘తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టిన ఇంగ్లీషాయన’ అనేస్తాం. 2007 ఏప్రిల్ 1న, తొంభై ఏళ్లు నిండిన నెల తర్వాత, ఆయన తిరువనంతపురంలో కన్నుమూసినప్పుడు కూడా దేశం ఆయన్ని ఆ మాటతోనే సాగనంపింది. అది అబద్ధమేమీ కాదు. ఆయన కట్టిన ఇల్లు అదే కొలతల మామూలు ఇంటికన్నా చవకలోనే పూర్తయ్యేది. అయినా ఆ పరిచయం దగ్గరే ఆగిపోతే ఆయన జీవితంలోని అసలు సంగతి చేజారిపోతుంది. పొదుపు ఆయన పనికి ఫలితమే తప్ప మూలం కాదు. ఇల్లు ఎలా ఉండాలో నిర్ణయించేవాడు ఎక్కడ నిలబడి నిర్ణయిస్తున్నాడన్నదే మూలం. బేకర్ ఆరుబయట నిలబడి నిర్ణయించారు. స్థలం వాలు మీద, చెట్టు మొదట్లో, మేస్త్రి పక్కన, ఎండలో, వానలో నిలబడి నిర్ణయించారు. కొండలంటే, చెట్లంటే, నడకంటే ఆయనకున్న ఇష్టాన్ని జీవితచరిత్రలు ఒక ముచ్చటగా చెప్పి వదిలేస్తుంటాయి. నిజానికి ఆయన పనిముట్లలో తాపీకన్నా, టేపుకన్నా ముఖ్యమైనది ఆ ఇష్టమే.

ఈ మాట బలం తెలియాలంటే, మన దేశంలో కట్టుబడి పని నూటయాభై ఏళ్లలో ఎలా మారిందో చూడాలి. పాతకాలపు మేస్త్రి, వడ్రంగి, శిల్పి ఇంటిని ముందు కాగితం మీద గీసి తర్వాత నేల మీదికి దించేవాళ్లు కాదు. స్థలంలో ముగ్గు పోసి, తాడు పట్టి, మేకులు కొట్టి, ఇంటివాళ్లతో మాట్లాడుతూ ఒక్కో నిర్ణయం తీసుకునేవాళ్లు. ఇంగ్లీషు ప్రభుత్వం ఈ పనిని రెండుగా చీల్చింది. రూర్కీలో 1847లో ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. 1850ల్లో గవర్నర్ జనరల్ డల్హౌసీ హయాంలో పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు ఏర్పడింది. అప్పటినుంచి ఆలోచన ఆఫీసుకూ, చెమట స్థలానికీ చెందిపోయాయి. ప్లాను ఒకరు గీస్తారు, అంచనా మరొకరు వేస్తారు, రేట్ల పట్టిక ఇంకెక్కడో తయారవుతుంది, టెండరు పాడుకున్న కంట్రాక్టరు చివర్లో మేస్త్రిని పిలుస్తాడు. మేస్త్రికి చేతులున్నాయి, చెప్పే హక్కు లేదు. స్థలానికి వాలుంది, గాలి ఉంది, కానీ వాటిని చూడాల్సినవాళ్లు అక్కడ లేరు. ప్రభుత్వ పద్ధతినే తర్వాత ప్రైవేటు ఆర్కిటెక్టులూ అనుసరించారు. వాళ్ల ఫీజు మొత్తం ఖర్చులో ఇంత శాతమని ఉండేది. ఇంటి యజమానికి వెయ్యి మిగిల్చిన ఆర్కిటెక్టు తన సంపాదనను తానే కోసుకున్నట్టు. వృత్తి లెక్కే అలా ఉన్నప్పుడు అందులో ఉన్నవాళ్లు ఎంత మంచివాళ్లయినా ఇళ్లు బరువెక్కుతూ, ఖరీదెక్కుతూ పోవడంలో వింత లేదు.

బేకర్ కూడా ఈ పద్ధతిలో చదువుకున్నవారే. 1917 మార్చి 2న బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. అక్కడి ఆర్కిటెక్చర్ పాఠశాలలో శిక్షణ పొందారు. అంతా సవ్యంగా సాగి ఉంటే ఇంగ్లండులోనే ఏదో ఆఫీసులో గీతబల్ల ముందు ఆయన జీవితం గడిచిపోయేదేమో. రెండో ప్రపంచ యుద్ధం దాన్ని మార్చేసింది. క్వేకర్ మతశాఖను అనుసరించిన ఆయన, మనస్సాక్షి ఒప్పుకోదని ఆయుధం పట్టడానికి నిరాకరించి, ఆ శాఖవారు నడిపే అంబులెన్సు దళంలో చేరి చైనా వెళ్లారు. గాయపడినవాళ్లకు సేవ చేశారు, తర్వాత కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. ఆరోగ్యం దెబ్బతిని ఇంగ్లండుకు తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీని కలిశారు. పనికిరాని గుడ్డముక్కలతో బేకర్ కుట్టుకున్న చెప్పులు గాంధీ కంటపడ్డాయి. ఇల్లు కట్టడానికి వాడే సామాను అయిదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలన్న గాంధీ అభిప్రాయం ఆ పరిచయంలోనే బేకర్ చెవిన పడింది. ఆ మాట తన జీవితాన్నే తిప్పిందని ఆయన చివరిదాకా చెప్పుకున్నారు. అయితే ఒక్క మాటతో మనిషి మారిపోడు. అయిదు మైళ్ల లోపల ఏముందో తెలియాలంటే ఆ అయిదు మైళ్లూ నడిచి చూడాలి. అలా నడవగలిగిన మనిషి కాబట్టే ఆ మాట ఆయనలో నాటుకుంది. గాంధీ మాట విని తలూపిన ఆర్కిటెక్టులు ఎందరో ఉంటారు. దాన్ని రోజువారీ పనిగా మార్చుకున్నది మాత్రం ఈయనే.

1945లో ఆయన మళ్లీ ఇండియా వచ్చారు. కుష్ఠు రోగులకోసం పనిచేసే క్రైస్తవ సంస్థలో ఆర్కిటెక్టు ఉద్యోగం. అప్పటికి ఆ జబ్బుకు కొత్త మందులొస్తున్నాయి. జీవితాంతం జనాన్ని దాచిపెట్టే ఆశ్రమాలను నయం చేసి పంపే ఆసుపత్రులుగా మార్చాలి. ఊరూరా తిరిగే పని అది. ఇంగ్లండులో చదివిన పుస్తకాలు ఇక్కడ అక్కరకు రాలేదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. చెదలు దూలాన్ని లోపలినుంచి తినేస్తాయి. మట్టి, పేడ, వెదురు, చిట్రాయి వంటి వాటి గురించి ఆయన చదివిన పాఠాల్లో ఒక్క ముక్క లేదు. ఆ ఊళ్లో ఏ చదువూ లేని ముసలి మేస్త్రికి మాత్రం వాటి గుణాలన్నీ తెలుసు. చదువుకున్నవాడు అక్కడ రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి: మేస్త్రికి తెలిసినదాన్ని వెనకబాటుతనంగా కొట్టిపారేయడం, లేదా అతని దగ్గర శిష్యరికం చేయడం. బేకర్ శిష్యరికాన్ని ఎంచుకున్నారు.

అదే సంస్థ తరఫున హైదరాబాద్‌లో ఎలిజబెత్ జాకబ్ అనే మలయాళీ డాక్టరు పనిచేస్తుండేవారు. ఆమె సోదరుడు చాందీ కూడా డాక్టరే, ఉత్తరాదిలో బేకర్ ఆయన ఇంట్లోనే మకాం. ఆ పరిచయం పెళ్లికి దారితీసింది. రెండు కుటుంబాలూ మొదట ఒప్పుకోకపోతే వాళ్లిద్దరూ ఓపిగ్గా ఆగి 1948లో పెళ్లి చేసుకున్నారు. ఈ పెళ్లి ఆయన వృత్తికథలోనూ ఒక మలుపు. ఆమె చేయి పట్టుకున్నాక ఆయన కట్టిన ప్రతి గోడ వెనుకా ఒక డాక్టరు చూపు ఉంది. రోగి ఎక్కడ పడుకుంటాడు, తోడొచ్చినవాళ్లు వంట ఎక్కడ చేసుకుంటారు, గాలి ఎటు తగలాలి, కడుపుతో ఉన్న ఆడమనిషి ఎన్ని మెట్లు ఎక్కగలదు అనే ప్రశ్నలు ఆఫీసు ప్లానుల్లో పుట్టవు. ఆమె పనిచేసే చోట పుడతాయి.

కొత్త దంపతులు హిమాలయాల్లో నడవడానికి వెళ్లారు. పిథోరాగఢ్ ప్రాంతంలో వచ్చినామె డాక్టరని తెలియగానే కొండజనం వరస కట్టారు. విహారానికి వెళ్లినవాళ్లు ఆ చుట్టుపక్కల డాక్టరే లేదని చూసి అక్కడే ఉండిపోయారు. కొండవాలు మీద ఇల్లూ ఆసుపత్రీ కలిపి కట్టుకుని, దాదాపు పదహారేళ్లు కాపురం చేశారు. బేకర్ అసలు చదువు అక్కడే జరిగిందని నా నమ్మకం. సిమెంటూ ఇనుమూ మోసుకొచ్చే దారే లేని చోట చేతికందేవి కొండరాయి, మట్టి, అడవికర్ర. అక్కడి జనం వాటితో కట్టుకున్న ఇళ్లు ఆయన్ని నిలబెట్టి పాఠం చెప్పాయి. ఇల్లు వాలును తవ్వి చదును చేయదు, వాలు వెంట మెట్లుగా దిగుతుంది. శీతగాలి వచ్చే వైపు గోడ మందం, ఎండ వచ్చే వైపు వసారా. పశువులు కింద, మనుషులు పైన, ఆ వెచ్చదనం వృథా పోదు. ఏ ఇంటికీ ఆర్కిటెక్టు లేడు, అయినా ఏ ఇంట్లోనూ అనవసరమైన రాయి లేదు. వందల ఏళ్లుగా ఒకరి తప్పును ఇంకొకరు సరిదిద్దుకుంటూ వచ్చిన పరిశోధన ఆ ఇళ్లల్లో ఉందని, దానితో పోలిస్తే తాను చదివినది కొంచెమని ఆయన గ్రహించారు. కొండల అందాన్ని చూసి మురిసిన దొరలు చాలామంది ఉన్నారు, ఆ కొండ ఇంటిని పాఠ్యపుస్తకంగా తెరిచినవాళ్లు అరుదు.

1963లో కుటుంబం కేరళకు మారింది. మొదట వాగమణ్ కొండల్లో, అక్కడా ఆసుపత్రి పనే. ఆ దశాబ్దం చివర తిరువనంతపురం చేరారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. దేశం ఈ రోజు తలచుకునే కట్టడాలన్నీ ఆ వయసు దాటాక కట్టినవే. మంచి సమయంలో వచ్చారనే చెప్పాలి. ముఖ్యమంత్రి అచ్యుత మేనోన్ ప్రభుత్వం 1970ల మొదట్లో పేదలకు లక్ష ఇళ్ల పథకం చేపట్టింది. ఇళ్లు ఎలా కట్టాలన్నది అక్కడ రాజకీయ ప్రశ్నగా మారింది. మరోపక్క గల్ఫ్ డబ్బు రావడం మొదలై, కొబ్బరితోటల నడుమ కాంక్రీటు డబ్బాలు లేస్తున్నాయి. కేరళ వానకు వందల ఏళ్లుగా సమాధానం చెప్పిన వాలు కప్పు, పొడుగు చూరు పాతకాలపు దరిద్రంగా కనిపించడం మొదలైంది. ఇలాంటి సమయంలో ఆర్చిబిషప్ బెనెడిక్ట్ మార్ గ్రెగోరియోస్ లాంటి పెద్దలు బేకర్ చేత ఇళ్లు కట్టించడం వల్ల నలుగురూ ఆగి చూశారు.

ఆయన పద్ధతికి అతిపెద్ద సాక్ష్యం ఉళ్లూరులోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం. ఆర్థికశాస్త్రవేత్త కె.ఎన్. రాజ్ పూనికతో, మేనోన్ మద్దతుతో 1971లో మొదలైంది. స్థలం ఒక గుట్ట. మామూలు పద్ధతి అయితే ముందు గుట్టను తొలిచి, చెట్లు కొట్టి, చదును చేస్తారు. బేకర్ గుట్ట రేఖల వెంట భవనాలను పేర్చుకుంటూ పోయారు. చెట్టు అడ్డొచ్చిన చోట గోడే వంపు తిరిగింది. ఒక చోట మడుగు పక్కన ఇటుకల మధ్య ఖాళీలు వదిలిన ఎత్తయిన జాలీ గోడ కట్టి, గాలి ఒత్తిడిలో తేడా వల్ల చల్లగాలి భవనంలోకి వచ్చేట్టు చేశారు. కంప్యూటర్ కేంద్రానికి లోపలొక గోడ, బయట ఇంకో జాలీ గోడ పెట్టి, ఎండ వేడి బయటి గోడ దగ్గరే ఆగిపోయేట్టు చూశారు. ఇవన్నీ ప్రభుత్వ అంచనాలకన్నా బాగా తక్కువ ఖర్చులో పూర్తయ్యాయి. ఎందుకు తక్కువయింది? గుట్ట తవ్వే ఖర్చు లేదు, మట్టి ఎత్తిపోసే ఖర్చు లేదు, ఏసీ మిషన్ల మీద ఆధారపడటం తగ్గింది. నీడ కోసం కొత్తగా ఏమీ కట్టలేదు, చెట్టు ముందే ఉంది. అంటే పొదుపు కోసం ఆయన చెట్టును కాపాడలేదు, చెట్టును కాపాడటంలోనే పొదుపు దొరికింది. నా వాదనంతా ఈ తేడాలోనే ఉంది.

ఆయన పేరుతో చెలామణి అయ్యే చిట్కాలను ఈ వెలుగులో చూడాలి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే పద్ధతిని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. గోడ మందం అదే తొమ్మిది అంగుళాలు, ఇటుక సుమారు నాలుగో వంతు తగ్గుతుంది, లోపలి ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. ఫిల్లర్ స్లాబ్ సంగతీ అంతే. స్లాబ్‌లో కింది సగం కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, లాగుడును తట్టుకునేది ఇనుప చువ్వ. ఆ సగంలో కాంక్రీటు బదులు మంగుళూరు పెంకులు పెడితే బరువు తగ్గుతుంది, సిమెంటూ ఇనుమూ మిగులుతాయి, ఎండ దిగడం తగ్గుతుంది. కిటికీకి చట్రం, తలుపులు, ఊచలు, గాజు, రంగు ఇన్ని కావాలి. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీ కడితే వెలుగు, గాలి, భద్రత ఒకే గోడలో వస్తాయి. మంచి ఇటుకతో తీరుగా కట్టిన గోడకు పూత అక్కర్లేదన్నారు. లింటెల్ బదులు చిన్న ఇటుక ఆర్చి చాలన్నారు. వీటిలో ఏదీ ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు, చాలావరకు ఎక్కడో ఒకచోట వాడుకలో ఉన్నవే. ఆయన గొప్ప, ప్రతి వస్తువునూ ‘నువ్వు ఇక్కడ ఏం చేస్తున్నావు?’ అని స్థలంలో నిలబడి అడగటం.

గుండ్రటి గోడల విషయం ఇంకా స్పష్టం. వంద చదరపు మీటర్ల చోటును చతురస్రంగా చుట్టాలంటే నలభై మీటర్ల గోడ కావాలి. అదే చోటును గుండ్రంగా చుడితే ముప్పయ్యారు మీటర్ల లోపే సరిపోతుంది. ఇరవైకి అయిదు మీటర్ల పొడుగు గది కడితే యాభై పడుతుంది. ఈ లెక్క మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు కట్టిన బెస్తలకు బేకర్‌కన్నా ముందే తెలుసు. సముద్రగాలికి గుండ్రటి గోడ మూల చూపించదు, నేలను తాకేంత కిందికి దిగిన తాటాకు కప్పు గాలిని పైకి జార్చేస్తుంది. బేకర్ తిరువనంతపురం తంపానూరులో కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ ఆ గుండ్రటి ఆలోచనకు నగరంలోని పెద్ద రూపం. మెలికలు తిరుగుతూ పైకెళ్లే ర్యాంపు, ఆ వంపు వెంటే గోడకు అంటుకున్న బల్లలు, జాలీల్లోంచి వచ్చే గాలి. బస్టాండు జనం రోజూ దానిలో కాఫీ తాగుతారు. వాళ్లలో చాలామందికి అది ప్రపంచం చెప్పుకునే కట్టడమని తెలియదు. ఆయనకు అంతకన్నా మంచి గౌరవం ఉండదని నాకనిపిస్తుంది.

నాలాంచిరలో ఆయన తన కుటుంబానికి కట్టుకున్న ఇల్లు ‘హామ్లెట్’ గురించి కొంచెం నిలిచి చెప్పాలి. స్థలం నిట్రంగా ఉన్న రాతి వాలు, నీళ్ల ఎద్దడి. కొనేవాళ్లు ముఖం తిప్పుకునే నేల అది. ఆయన అక్కడ ఒకేసారి ఇల్లు కట్టలేదు. మొదట చిన్న కర్రగుడిసె. పిల్లలు పెరుగుతుంటే ఒక గది, డాక్టరమ్మ దగ్గరికి వచ్చే జనం కోసం ఇంకో చోటు, బంధువులొస్తే మరోటి. రాయి అడ్డొస్తే రాయిని గోడలో కలుపుకుంటూ, చెట్టొస్తే చుట్టూ తిరుగుతూ ఇల్లు సంసారం వెంట పెరిగింది. పాత భవనాలు కూల్చినప్పుడు పారేసే తలుపులు, దూలాలు, పగిలిన పెంకులు, రంగుసీసాల ముక్కలు అందులో చేరాయి. మన పల్లెల్లో పెళ్లయిన కొడుక్కి ఒక గది చేరుస్తూ పెరిగే ఇళ్లు ఇలాగే ఉంటాయి. ఇల్లు ఒక్కసారి ముగించే సరుకు కాదు, కాపురంతో పాటు సాగేదన్న జ్ఞానం ఆర్కిటెక్టుల పుస్తకాల్లో అరుదు. భార్యనూ, ముగ్గురు పిల్లలనూ, రోగులనూ ఒకే చూరు కింద పెట్టుకున్న ఇంటాయనకు అది రోజువారీ అనుభవం. కుటుంబాన్ని ప్రేమించిన మనిషి అనీ, మంచి బిల్డరు అనీ విడివిడిగా చెప్పడం ఆయన విషయంలో కుదరదు.

ఇంకో సాక్ష్యం ఆయన పనిరోజు. పెద్ద ఆఫీసు లేదు, గుమాస్తాల దండు లేదు. వాడేసిన కవర్ల వెనక, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాల మీద బొమ్మలు గీసేవారు. ఆర్కిటెక్టూ కంట్రాక్టరూ రెండూ తానే అయి స్థలానికి వెళ్లి, మేస్త్రులతో మాట్లాడుతూ అక్కడికక్కడ మార్పులు చేసేవారు. డల్హౌసీ కాలంలో రెండుగా చీలిన పనిని ఆయన మళ్లీ ఒకటి చేశారు. దానితో డబ్బు నడిచే దారి కూడా మారింది. ఫ్యాక్టరీ సిమెంటుకూ ఇనుముకూ పోయే సొమ్ము తగ్గి, ఇటుక పేర్చే చేతికీ సున్నం కలిపే చేతికీ చేరే వాటా పెరిగింది. సిమెంటు బట్టీకి సుమారు 1450 డిగ్రీల వేడి కావాలి, సున్నపు బట్టీకి 900 చాలు. కేరళ బ్యాక్‌వాటర్లలో దొరికే గుల్లలను కాల్చిన సున్నం ఊళ్లోనే ఉండగా దూరం నుంచి సిమెంటు తెప్పించడం ఆయనకు వృథాగా తోచింది. వాతావరణం గురించి ప్రపంచమంతా మాట్లాడక ముందే, కట్టుబడిలో కాలిపోయే ఇంధనం గురించి ఆయన రాశారు, చెప్పారు.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: ఆయన స్వయంగా ఖర్చు తగ్గింపు మీద పుస్తకాలు రాశారు కదా, పొదుపు మూలం కాదని నువ్వెలా అంటావని. రాశారు. ఆయన చేతిరాతతో, చేతిబొమ్మలతో వచ్చిన ఆ చిన్న పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంటి ఖర్చు తగ్గించుకోవడం గురించే. కానీ వాటిని తెరిచి చూస్తే రేట్లు కనిపించవు, ప్రశ్నలు కనిపిస్తాయి. నీ స్థలం ఎటు వాలి ఉంది? వాన ఎటునుంచి కొడుతుంది? ఈ గోడ అవసరమా? ఈ తలుపుకు చట్రం ఎందుకు? ధర తగ్గించడమే లక్ష్యమైతే నాసిరకం సిమెంటు, సన్నగోడ, పొట్టి కప్పు చాలు. మన ప్రభుత్వాల కాలనీ ఇళ్లు ఆ దారిలోనే చవకయ్యాయి. బేకర్ ఇళ్లు అలా చవక కాలేదు. ఆయన కోసింది నాణ్యతను కాదు, ఆలోచన లేకుండా చేరిన సామానును.

ఇంకో అభ్యంతరం ఆ ఇళ్లల్లో బతికినవాళ్లది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పూత లేని ఇటుక గోడకు కేరళ వానలో పాచి పడుతుంది, దుమ్ము చేరుతుంది. జాలీలోంచి దోమలు వస్తాయి, జడివాన జల్లు కొడుతుంది. కొందరు ఆయన కట్టిన గోడలకు తర్వాత సిమెంటు పూసుకున్నారు, జాలీలకు గాజు బిగించుకున్నారు, కొన్ని ఇళ్లు కూలగొట్టారు కూడా. ఈ ఫిర్యాదుల్లో నిజముంది. డెంగీ, చికున్‌గున్యా ఉన్న రోజుల్లో దోమతెర లేని జాలీని సమర్థించలేం. కానీ ఇవి ఆయన పద్ధతిని కాదనవు, ఆయన రూపాన్ని మక్కికి మక్కి దించుకోవడాన్నే కాదంటాయి. బేకర్ దారి పట్టిన మేస్త్రి ఈ రోజు జాలీకి లోపల సన్న వల బిగిస్తాడు, చూరు రెండడుగులు పెంచి వానజల్లును ఆపుతాడు. ఇల్లు మార్చుకోవడాన్ని ఆయన ఎన్నడూ తప్పు పట్టలేదు, తన ఇంటినే బతికినంత కాలం మారుస్తూ వచ్చారు.

మరికొందరి అనుమానం ఇంకా లోతైనది. తెల్లదొర వచ్చి పేదవాడికి మట్టీ ఇటుకా చాలని చెప్పడమేమిటి? కాంక్రీటు ఇల్లు తరతరాలుగా గుడిసెల్లో మగ్గినవాడికి ఆత్మగౌరవం, దాన్ని కాదనే హక్కు ఎవరికుంది? ఈ ప్రశ్న వేసేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మన పల్లెల్లో డాబా ఇల్లు గెలుపు గుర్తు, దాన్ని ఎగతాళి చేసేవాళ్లు సాధారణంగా డాబాల్లో ఉండేవాళ్లే. అయితే బేకర్ పేదలకొక రకం, పెద్దలకొక రకం కట్టలేదు. బెస్తవాడలో ఏ పద్ధతో ప్రొఫెసరు ఇంట్లోనూ, తన సొంతింట్లోనూ అదే పద్ధతి. పేదవాడికి చెప్పినదాన్ని తాను ఆచరించినవాడికి ఆ మాట చెప్పే హక్కు ఉంటుంది. ఇండియాలోనే బతికి, 1989లో ఇండియా పౌరసత్వం తీసుకున్నారు. 1990లో పద్మశ్రీ వచ్చింది. ఆ నాటికి ఆయన్ని పరాయివాడని అనగలిగిన మలయాళీ ఎవరూ ఉండి ఉండరు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం సంఖ్యది. ఒక మనిషి రోజూ స్థలానికి వెళ్లి, చెట్టూ చెట్టూ చూసి కట్టే పద్ధతితో కోట్ల ఇళ్లు కట్టగలమా? ఆయన బతికుండగానే ఈ ప్రశ్నకు సమాధానం వెతికారు. అచ్యుత మేనోన్, కె.ఎన్. రాజ్‌లతో కలిసి 1985లో కాస్ట్‌ఫోర్డ్ సంస్థను నిలబెట్టారు. మేస్త్రులకూ యువ ఇంజినీర్లకూ అందులో శిక్షణ దొరికింది. అదే దశాబ్దంలో కొల్లంలో పుట్టిన నిర్మితి కేంద్రం తర్వాత దేశమంతటా కట్టుబడి కేంద్రాలకు నమూనా అయింది. అయినా ఒప్పుకోవాలి, ఆ కేంద్రాల్లో చాలావాటిలో మిగిలింది ర్యాట్ ట్రాప్ గోడా, ఫిల్లర్ స్లాబూ మాత్రమే. ప్రశ్న అడిగే అలవాటు మిగల్లేదు. టెక్నిక్‌ను రేట్ల పట్టికలో చేర్చవచ్చు, నేలను చూసే కన్నును చేర్చలేం. కానీ ఇది బేకర్ పద్ధతి లోపమా, మన పట్టిక లోపమా? ఒకప్పుడు ఈ దేశంలో ఊరికొక మేస్త్రి నేలను చూసి ఇళ్లు కట్టాడు, లక్షల ఊళ్లలో కట్టాడు. దాన్ని మించిన సంఖ్య ఏముంది? ఒక్క బేకర్ కోట్ల ఇళ్లు కట్టలేడు, నిజమే. నిర్ణయించే అధికారం తిరిగి చేతికొస్తే లక్షల మంది మేస్త్రులు కట్టగలరు.

ఆయన్ని అభిమానించేవాళ్లకు కూడా ఒక హెచ్చరిక ఉంది. ఇటుక బట్టీలు ఇంధనాన్నీ, పొలాల పైమట్టినీ మింగుతాయి. కేరళలో వరిపొలాల మట్టి తవ్వకం ఏనాడో సమస్య అయింది. ఎర్ర ఇటుక గోడ పెట్టించుకుని ‘బేకర్ ఇల్లు’ అని మురవడంలో అర్థం లేదు, ఆయన హిమాలయాల్లో రాతితో కట్టారు, మట్టితో కట్టమని పుస్తకమే రాశారు. తాండూరు బండ దొరికే చోట బండ, చిట్రాయి దొరికే చోట చిట్రాయి, మంచి మట్టి ఉన్న చోట మట్టి. బేకర్‌ను అనుసరించడమంటే ఆయన గోడను కాపీ కొట్టడం కాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు అదే అవసరం. 1977 నవంబరు 19న దివిసీమను తుపాను ఊడ్చేసిన దగ్గరినుంచి మన తీరంలో పక్కా ఇళ్ల కాలనీలు లేస్తూనే ఉన్నాయి. ఉప్పుగాలికి చువ్వ తుప్పు పట్టే తీరంలోనూ, వేసవిలో నలభై అయిదు డిగ్రీలు కాసే రామగుండంలోనూ, ఒకే ప్లాను, ఒకే స్లాబు. ఏ నేల మీద కడుతున్నామో ఆ కాగితం అడగదు. మన ఇంజినీరింగ్ కళాశాలలు సిమెంటు కాంక్రీటు డిజైనుకు సంవత్సరాలు కేటాయిస్తున్నాయి, మట్టి గోడకూ, సున్నానికీ, చుట్టింటికీ, మండువాకూ కొన్ని వారాలైనా కేటాయించాలి. ప్రభుత్వ గృహనిర్మాణ శాఖలు ప్రతి జిల్లాకూ అక్కడి నేలా, అక్కడి గాలీ తెలిసిన మేస్త్రులతో కూర్చుని వేరే నమూనాలు తయారుచేయాలి, ఆ మేస్త్రులకు సంతకం పెట్టే స్థానం ఇవ్వాలి. ఇల్లు కట్టుకోబోతున్న పాఠకులకూ ఒక మాట: ప్లాను గీయించే ముందు మీ ఊరి వయసు మళ్లిన మేస్త్రిని ఒకసారి స్థలానికి తీసుకెళ్లి, వాన ఎటునుంచి వస్తుందో, ఏ చెట్టు ఉంచాలో అడగండి. ఆయన చెప్పింది విన్నాకే ఇంజినీరును పిలవండి.